అరచేతులు చూపించు

పిన్నిగారు పోయారని వాళ్ళమ్మాయి ఫోను చేసింది. నాకు తప్పకుండా కబురు చెయ్యమని ఆవిడే చెప్పారట. అయితే కర్మకు రానక్కర్లేదని కూడా చెప్పమన్నారట. ఈ రెండో మాట చెప్పడానికి ఆ అమ్మాయి చాలా ఇబ్బంది పడింది. నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పద్నాలుగేళ్ళ కిందటి కోపాన్ని చల్లారనివ్వకుండా చివరిదాకా కాపాడుకున్న మనిషిని ఆవిడ తప్ప ఇంకొకరిని నేను చూడలేదు.

ఆవిడ నాకు చుట్టం కాదు. భీమవరంలో మేం అద్దెకున్న ఇల్లు ఆవిడది. మేడమీద మేము, కింద వాళ్ళు. వాళ్ళాయన పోయి అప్పటికి మూడేళ్ళు. చేపల చెరువులు లీజుకిచ్చేసి, కూతుర్ని కాకినాడలో చదివిస్తూ, మంచంలో ఉన్న అత్తగారిని చూసుకుంటూ ఉండేవారు. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయనది చేపల మేత కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే బండేసుకుని మొగల్తూరు వైపు చెరువులన్నీ తిరిగి ఎప్పటికో ఇల్లు చేరేవాడు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. సామర్లకోటలో నాన్న ఒక్కడే వండుకు తింటున్నాడు. అందుకని కడుపుతో ఉన్నప్పుడు నేను పుట్టింటికి వెళ్ళలేదు. వెళ్ళకపోబట్టే పిన్నిగారి చేతిలో పడ్డాను.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. గంజిపెట్టిన నేత చీరలు కట్టేవారు. కుర్చీలో ఎప్పుడూ వెనక్కి చేరగిలబడేవారు కాదు. మనం మాట్లాడుతుంటే మొహంలోకి కాకుండా చేతులకేసి చూసేవారు. గొంతు పెంచడం ఆవిడకి తెలియదు. కోపం వచ్చేకొద్దీ ‘అండి’లు ఎక్కువయ్యేవి. నీళ్ళు కలిపిన పాలు పోసినవాడితో ఒకసారి, “పాలు చాలా బాగున్నాయండి, రేపట్నించి రావద్దండి” అన్నారు. అతను మళ్ళీ మా వీధిలో కనపడలేదు.

కడుపుతో ఉంటే మొహం కళకళ్ళాడుతుందని అందరూ చెప్పారు. మిగతాది ఎవరూ చెప్పలేదు. నాకు మూడో నెల నుంచి నోట్లో నీళ్ళు ఊరడం మొదలైంది. వాంతి కాదు, ఊరికే నీళ్ళు. మింగితే కడుపులో తిప్పేది. స్టీలు గ్లాసు ఒకటి కొంగు చాటున పెట్టుకుని క్లాసుకి వెళ్ళేదాన్ని. లెక్క మధ్యలో వెనక్కి తిరిగి ఉమ్మేదాన్ని. పిల్లలు నవ్వేవాళ్ళు. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి నెత్తురు. ఐదో నెలకి మెడ చుట్టూ మసి పూసినట్టు నలుపు, దానిమీద చిన్నచిన్న పులిపిర్లు. ముక్కు వెడల్పయింది. చెప్పులు పట్టక మగవాళ్ళ చెప్పులు కొనుక్కున్నాను. బొడ్డు కింద నల్లటి గీత, దాని పక్కన వెంట్రుకలు. అద్దం ముందు నిలబడితే ఎవరో పరాయి మనిషి నా చీర కట్టుకున్నట్టుండేది.

పిన్నిగారు వీటన్నిటినీ వరసగా అడిగి తెలుసుకునేవారు. జాలిపడేవారు కాదు. చిగుళ్ళు చూపించమనేవారు. మెడ దీపం వెలుగులోకి తిప్పమనేవారు. “ఇది పోతుంది. ఇది సగం పోతుంది. పాదాలు మాత్రం ఇక ఇంతే” అని తేల్చేసేవారు. ఆవిడ అలా చెబుతుంటే భయం తగ్గేది.

ఏడో నెలలో సీమంతం చేశారు. తణుకు నుంచి మా ఆడపడుచు వచ్చింది. నా మెడకి గంధం రాస్తూ, “ముందు పీచుపెట్టి తోముకుని రావాల్సింది వదినా” అంది. పేరంటానికి వచ్చినవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. పిన్నిగారు నవ్వలేదు. అందరూ వెళ్ళాక మేడమీదికి వచ్చి ఆ అమ్మాయి పేరేంటని అడిగారు. చెప్పాను. సరదాకి అందిలెండి అన్నాను.

“నువ్వూ నవ్వావు. అది ఇంకెప్పుడూ చెయ్యకు. మాట గుర్తుపెట్టుకో, మనిషిని గుర్తుపెట్టుకో.”

గుర్తుపెట్టుకున్నాను. రెండేళ్ళ తర్వాత ఆడపడుచుకి కడుపు వచ్చి బుగ్గల నిండా మంగు మచ్చలు లేచినప్పుడు, సెలవు పెట్టి తణుకు వెళ్ళాను. నలుగురి మధ్య కూర్చున్న దాని మొహంలోకి తేరిపార చూశాను. ఒక్క మాట కూడా అనలేదు. అది చెయ్యి అడ్డం పెట్టుకునేదాకా చూసి, కాఫీ తాగి వచ్చేశాను. చాలా హాయిగా అనిపించింది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పిన్నిగారికి ఒక అలవాటుండేది. సాయంత్రం నేను స్కూలు నుంచి రాగానే మెట్ల దగ్గర నిలబెట్టి, “అరచేతులు చూపించు” అనేవారు. రెండు చేతులూ తిప్పి చూసి, దురద ఉందా అని అడిగి, లేదంటే పైకి పొమ్మనేవారు. నన్ను ఒక్కదాన్నే కాదు, బస్సులో, బజార్లో, పెళ్ళిళ్ళలో ఎక్కడ కడుపుతో ఉన్న మనిషి కనపడినా పక్కకి వెళ్ళి చెయ్యి అందుకునేవారు. అరచేతుల్లో, అరికాళ్ళలో దురద ఉందా అండీ అని అడిగేవారు. హస్తసాముద్రికం చెబుతారనుకుని కొందరు సంతోషంగా చెయ్యి చాపేవారు. మతి చెడిందనుకుని కొందరు చెయ్యి లాగేసుకునేవారు. ఆవిడ రెండింటినీ పట్టించుకునేవారు కాదు.

కింద నడవలో నవారు మంచం మీద అత్తగారు ఉండేవారు. ఎనభై దాటాయి. వయసుకి ఒళ్ళంతా పొడిబారి ఆవిడకి ఒకటే దురద. కీళ్ళు పట్టేసి చేతులు వీపుకి అందేవి కావు. నేను మెట్లెక్కుతుంటే రోజూ అదే మాట వినపడేది.

“అమ్మాయ్, వీపు కాస్త గోకవే.”

“వంకాయ తిన్నారేమో అత్తయ్యగారూ. మానెయ్యండి.”

ఆ ఇంట్లో వంకాయ వండగా నేను చూడలేదు. పిన్నిగారు ఆవిడకి వేళకి అన్నం కలిపి పెట్టేవారు. స్నానం చేయించేవారు. దుప్పటి ఏ రోజుకారోజు మార్చేవారు. మాత్రలు ఒక్కపూట తప్పనిచ్చేవారు కాదు. చూడ్డానికి వచ్చిన చుట్టాలంతా ఇలాంటి కోడలు దొరకదని మెచ్చుకుని వెళ్ళేవారు. వీపు మాత్రం గోకేవారు కాదు, చుక్క నూనె రాసేవారు కాదు. ముసలావిడ మంచం పట్టెకి వీపు ఆనించి అటూఇటూ కదిలేవారు. రవికె మీద నెత్తుటి చారలు ఉండేవి.

ఒక ఆదివారం మధ్యాహ్నం పెరట్లో రొయ్యలు వలుస్తూ పిన్నిగారే చెప్పారు. నేను అడగలేదు. ఎదురుగా పీట మీద గ్లాసు పట్టుకుని కూర్చున్నానంతే.

ఆవిడకి తొలిచూలు. ఎనిమిదో నెల రాగానే దురద మొదలైందట. ముందు అరికాళ్ళు, తర్వాత అరచేతులు. దద్దురు లేదు, పొక్కు లేదు. గచ్చు మీద కాళ్ళు రుద్దుకునేవారట. తర్వాత కొబ్బరిపీచుతో, ఆ తర్వాత దువ్వెన పళ్ళతో. నిద్రన్నది లేదు. ఒంటేలు కాఫీ రంగులో వచ్చేది. అత్తగారితో చెబితే, వంకాయ తిన్నావేమో మానెయ్యమన్నారు. మా రోజుల్లో మేం కనలేదా, ఇలా ఊరంతా చాటుకున్నామా అన్నారు. ఆసుపత్రికి వద్దన్నారు. ఆయన చెరువు గట్టుమీద ఉండేవారు, ఇంటి విషయాల్లో నోరు తెరిచేవారు కాదు. చివరికి పిన్నిగారే ఏడ్చి గోలపెడితే తీసుకెళ్ళారు. పేరున్న డాక్టరు. చేతులు చూడకుండానే నవ్వి, చర్మం సాగుతుంది కదమ్మా, మామూలే అని పూత మందు రాసిచ్చారు.

“తొమ్మిదో నెల నడుస్తుండగా ఒకరోజు వాడు కదలడం మానేశాడు” అన్నారు పిన్నిగారు. చేతిలో రొయ్య ఆపలేదు. “మగపిల్లాడు. గోళ్ళు కూడా వచ్చేశాయి.”

అప్పుడు ఆవిడకి కోపం లేదట. నా రాత అనుకున్నారట. రెండో కడుపుకి మళ్ళీ అదే దురద. ఈసారి ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి ఒక్కరూ రాజమండ్రి వెళ్ళారు. అక్కడ ఒక డాక్టరమ్మ అరచేతులు చూసి వెంటనే నెత్తురు పరీక్ష చేయించింది. లివరులో పైత్యరసం సరిగా పారక నెత్తుట్లో కలుస్తుందని, దానివల్లే దురదని, బిడ్డకి ప్రమాదమని చెప్పింది. దానికి మాత్రలున్నాయి. జాగ్రత్తగా కనిపెట్టుకుంటూ నెలలు పూర్తిగా నిండకముందే కాన్పు చేస్తారు. అలా పుట్టిందే కూతురు.

“ఒక పరీక్షమ్మా. చిన్న సీసాడు నెత్తురు. అది తెలిసిన రోజున మొదలైంది నాకు” అన్నారు. ఏం మొదలైందో చెప్పలేదు. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

నాకు ఎనిమిదో నెల వచ్చి పదిరోజులైంది. బోర్డు మీద రాస్తుంటే సుద్దముక్క పట్టుకున్న చెయ్యి జిలపెట్టడం మొదలైంది. సుద్దపొడి అనుకుని కడుక్కున్నాను. ఇంటికి వచ్చేసరికి రెండు చేతులూ, అరికాళ్ళూ. పైన ఏమీ లేదు, చర్మం కిందెక్కడో చీమలు పాకుతున్నట్టుంది. మెట్ల దగ్గర చేతులు చాపాను. పిన్నిగారు చెప్పులేసుకుని ఆటో పిలిచారు.

నన్ను చూసే డాక్టరమ్మ ఆసుపత్రి వీధిని ఆటో దాటిపోయింది. ఎక్కడికండీ అన్నాను. ఆటో ఒక పాత నర్సింగ్ హోము ముందు ఆగింది. లోపల పేషెంట్లు పెద్దగా లేరు. పిన్నిగారిని చూడగానే నర్సు ఏమీ అడక్కుండా తలుపు తీసింది.

డాక్టరుగారికి డెబ్బై దాటి ఉంటాయి. నాకోసం వేసిన కుర్చీలో పిన్నిగారు కూర్చున్నారు. నేను నిలబడ్డాను.

“ఈ అమ్మాయికి ఎనిమిదో నెలండి. అరచేతులూ అరికాళ్ళూ దురదండి.”

ఆయన నన్ను చూడలేదు. పెన్ను అందుకున్నారు. “లివరు పరీక్ష రాస్తున్నాను.”

“ఎందుకండీ? చర్మం సాగుతుంది కదండీ. మామూలే కదండీ.”

పెన్ను ఆగింది. నర్సు తల వంచుకుంది. ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఎవరొచ్చి దురదన్నా ఇరవై ఏళ్ళుగా పరీక్ష రాస్తూనే ఉన్నానని నెమ్మదిగా అన్నారు. పిన్నిగారు తీసుకొచ్చినవాళ్ళకే కాదు, అందరికీ రాస్తున్నానన్నారు. తర్వాత, “ఇంకా ఎన్నాళ్ళమ్మా?” అని అడిగారు.

“మీరు ఈ కుర్చీలోంచి లేచేదాకా అండి.”

ఆ చీటీ నా చేతికిచ్చేటప్పుడు ఆయన మొదటిసారి నా అరచేతులు చూశారు. చూడమని ఎవరూ అనలేదు. ఒక చెయ్యి పట్టుకుని దీపం కిందికి జరిపి చాలాసేపు చూశారు. నాకు ఆయన మీద జాలేసింది. అది తెలిసినట్టు పిన్నిగారు నా మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించారు.

ఆటోలో నాకు కోపం వచ్చింది. మా డాక్టరమ్మ దగ్గరికే తిన్నగా తీసుకెళ్ళొచ్చు కదండీ, నన్నెందుకు అక్కడ నిలబెట్టారు అన్నాను.

“తీసుకెళ్ళొచ్చు” అన్నారు ఆవిడ, ఒప్పుకుంటున్నట్టు. “కానీ ఆయన నీ చేతులు చూడాలి.”

ఆ సాయంత్రమే నెత్తురిచ్చాం. మర్నాడు పొద్దున్న కాగితం తీసుకుని మా డాక్టరమ్మ దగ్గరికి వెళితే, ఆవిడ అంకెలు చూసి నన్ను అప్పటికప్పుడు చేర్చుకుంది. ఇంకో వారం ఆగి ఉంటే చెప్పలేనంది. మాత్రలు మొదలుపెట్టారు. రోజు విడిచి రోజు బిడ్డ గుండె విన్నారు. ముప్ఫై ఏడో వారంలో నొప్పుల మందు పెట్టి కాన్పు చేశారు. ఆ రోజులన్నీ పిన్నిగారు క్యారేజీ తెచ్చి, నేను తిన్నంతసేపూ నా చేతులు చూస్తూ కూర్చునేవారు. కాన్పు రోజున గది బయట నిలబడే ఉన్నారట. లోపల ఏడుపు వినగానే మా ఆయనతో ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయారట.

ఎక్కడికెళ్ళారో తర్వాత ఆవిడే చెప్పారు. మిఠాయి దుకాణంలో లడ్డూలు కట్టించుకుని ఆ నర్సింగ్ హోముకి వెళ్ళారు. పొట్లం డాక్టరుగారి బల్లమీద పెట్టి, “ఈ బిడ్డ బతికిందండి” అని చెప్పి వచ్చారు. అలా ఎంతమంది బిడ్డల తీపి ఆ బల్లమీద పెట్టారో నేను అడగలేదు. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ మొహంలో ఉన్న తృప్తి చూసి నాకు భయమేసింది. చేతుల్లో మా పాప పాలు తాగుతోంది. ఆవిడ చేసింది తప్పనడానికి నాకు నోరెలా వస్తుంది?

అయినా నేను ఆవిడకి ద్రోహం చేశాను.

పాపకి మూడో నెల. పిన్నిగారు పెనుగొండలో పెళ్ళికి వెళుతూ, అత్తగారిని ఒక పూట కనిపెట్టి ఉండమన్నారు. పాపకి ఒళ్ళు రుద్దడానికి కొబ్బరినూనె తెచ్చుకుని కింద కూర్చున్నాను. ముసలావిడ మంచం పట్టెకి వీపు రాస్తూ ఉన్నారు. నన్ను అడగలేదు. అడగకపోవడం చూడలేకపోయాను. రవికె పైకి తీసి చూస్తే వీపంతా చెక్కుకుపోయి ఉంది. నూనె వెచ్చజేసి రాశాను. ఆవిడ చిన్నపిల్లలా మూలిగారు. కాసేపటికి గోడవైపు చూస్తూనే అన్నారు.

“దాన్నేం అనకమ్మా. నేనన్న మాటే అది నాకు చెబుతోంది.”

నా చెయ్యి ఆగిపోయింది. పన్నెండేళ్ళుగా మంచంలో ఉండి రోజూ ఆ మాట వింటూ, అది ఎక్కణ్ణించి వస్తోందో తెలిసీ, ఒక్కసారైనా తప్పయిపోయిందని అనలేదా అని అడుగుదామనుకున్నాను. అడగలేదు. రాయడం పూర్తిచేశాను.

పిన్నిగారు ఇంట్లోకి వస్తూనే నూనె వాసన పట్టేశారు. అత్తగారి దగ్గరికి వెళ్ళి రవికె ఎత్తి చూశారు. తర్వాత నా వైపు తిరిగారు. నేను దాచకుండా చెప్పేశాను. ముసలావిడ అన్న మాట కూడా చెప్పాను, అది వింటే ఈవిడ మెత్తబడతారనుకున్నాను.

“ఆవిడకి తెలుసండి” అన్నాను.

“తెలియకపోతే నేను చెప్పడం దేనికి?” అన్నారు.

గొంతు మామూలుగానే ఉంది. పాప చెంప మీద వేలితో ఒకసారి తాకి లోపలికి వెళ్ళారు. వారం తర్వాత మేడమీదికి వచ్చి గుమ్మం బయటే నిలబడి, “పోర్షను మా చుట్టాలకి కావాలండి. మీరు వచ్చే నెలకి చూసుకోండి” అన్నారు. అంతవరకు నన్ను ‘నువ్వు’ అన్న మనిషి. ఆ ‘అండి’తో నాకు విషయం అర్థమైంది. మేడమీదికి చుట్టాలెవరూ రాలేదని తర్వాత తెలిసింది. మళ్ళీ ఆవిడ నాతో మాట్లాడలేదు. బజార్లో రెండుసార్లు ఎదురుపడితే, పాప చెయ్యి పట్టుకున్న నన్ను దాటి, పాప వైపు మాత్రం చూసి వెళ్ళిపోయారు. ముసలావిడ ఆ మరుసటేడు పోయారని ఎవరో చెబితే తెలిసింది.

రావద్దన్నా పెద్దకర్మకి వెళ్ళాను. మా అమ్మాయిని కూడా తీసుకెళ్ళాను. ఇప్పుడు తొమ్మిదో తరగతి. వీధిలో షామియానా వేశారు. పిన్నిగారి కూతురు నన్ను చూసి గట్టిగా చెయ్యి పట్టుకుంది. ఒకామె వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. అరవై ఏళ్ళుంటాయి. పిన్నిగారి ఆడపడుచు, అంటే ఆ ముసలావిడ కూతురు. మేడమీద అద్దెకుండేది నువ్వేనా అని అడిగింది. అవునన్నాను.

గొంతు తగ్గించి, తను ఎప్పుడొచ్చినా వాళ్ళమ్మ ఏదో చెప్పబోయి వదిన గదిలోకి రాగానే ఆపేసేదని చెప్పింది. పోయాక స్నానం చేయించినవాళ్ళు వీపు చూసి ఏదో అన్నారంది. ఇన్నేళ్ళూ వదినని అడగడానికి ధైర్యం చాలలేదంది. ఆమె కళ్ళనిండా నీళ్ళున్నాయి.

“నువ్వు చూసినదానివి. మా అమ్మని సరిగ్గా చూసేదా, అమ్మా?”

ఆమెకి తెలుసుకునే హక్కుంది. నాకు చెప్పాలనే అనిపించింది. మా అమ్మాయి పక్కన కూర్చుని, ఎవరో ఇచ్చిన మజ్జిగ తాగుతూ వింటోంది.

“వేళకి అన్నం, వేళకి మాత్రలండి. దుప్పటి ఏ రోజుకారోజు మార్చేవారండి” అన్నాను.

“అంతేనా?”

“అంతేనండి.”

ఆమె నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, వడ్డన మొదలైందని చెప్పి మమ్మల్ని భోజనానికి లేవమంది.